హిట్లర్, ముస్సోలినీలకి అధికారం ఓట్లతో వచ్చిందా, బలంతో వచ్చిందా?

గంటస్తంభం, విజయనగరం:

అందరికీ నమస్కారం. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా, ప్రపంచ చరిత్రలో రెండు యుద్ధాల మధ్య కాలం దగ్గర ఆగిపోయాను. మా రూమ్‌లో దీని మీద పెద్ద వాదనే నడుస్తోంది. ఒకడు ‘హిట్లర్‌ని జనమే ఓట్లేసి గెలిపించారు’ అంటాడు. ఇంకొకడు ‘కాదు, ముస్సోలినీ రోమ్ మీదకి దండెత్తి గద్దె లాక్కున్నాడు, హిట్లరూ అంతే, అంతా రౌడీయిజం’ అంటాడు. కోచింగ్ నోట్స్ చూస్తే మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీ మీద పెట్టిన వెర్సయిల్స్ సంధి, ఆర్థిక మాంద్యం, నిరుద్యోగం అని వరసగా రాసి వదిలేశారు. మాంద్యం వేరే దేశాల్లోనూ వచ్చింది కదా, మరి అక్కడ వీళ్లెందుకు గెలవలేదు?

ఇంకో డౌట్. ఇప్పుడు ఇటలీ, జర్మనీ, ఫ్రాన్సుల్లో పెరుగుతున్న పార్టీలని పేపర్లు ఒకసారి ఫాసిస్టు అంటాయి, ఒకసారి అతి మితవాదం, అంటే తీవ్ర కుడిపక్షం, అంటాయి. రెండూ ఒకటేనా? పరీక్ష కోసమే కాదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది. కాస్త వివరంగా రాయండి.

బొబ్బిలి మాస్టారు:

బాబూ, మీ రూమ్‌లో ఇద్దరూ చెప్పింది సగం సగమే. స్వేచ్ఛగా జరిగిన ఎన్నికలో సొంతంగా మెజారిటీ తెచ్చుకుని గద్దెనెక్కిన వాళ్లు కాదు ఈ ఇద్దరూ. అలాగని సైన్యాన్ని ఓడించి రాజధాని పట్టుకున్నవాళ్లూ కాదు. ఇద్దరినీ రాజ్యాంగం ప్రకారమే పిలిచి కుర్చీ ఇచ్చారు. దొంగ తలుపు బద్దలుకొట్టలేదు, ఇంట్లోవాళ్లే గడియ తీశారు. నోట్స్‌లో ఈ ముక్క రాయరు, అసలు అర్థం చేసుకోవాల్సింది అదే.

ఇటలీ నుంచి మొదలుపెడతాను. ముస్సోలినీ 1914 దాకా సోషలిస్టు, ఆ పార్టీ పత్రికకి ఎడిటర్. యుద్ధంలోకి దిగాలని పట్టుబట్టినందుకు పార్టీలోంచి పంపేశారు. 1919 మార్చి 23న మిలాన్‌లో తన ఫాసిస్టు సంస్థ పెట్టాడు. అదే ఏడాది నవంబరులో ఎన్నికలొస్తే మిలాన్ మొత్తమ్మీద ఆయన జాబితాకి పడింది ఐదు వేల లోపు ఓట్లు, సీటు ఒక్కటీ లేదు. అక్కడితో కథ అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

మళ్లీ ప్రాణం పోసింది పో నది మైదానంలోని భూస్వాములు. బొలోనా, ఫెరారా చుట్టుపక్కల పెద్ద కమతాలు, వాటి మీద బతికే కూలీలు వేలకి వేలు. యుద్ధం అయ్యాక కూలీ సంఘాలు ఎంత బలపడ్డాయంటే, సంఘం ద్వారానే మనుషుల్ని పనిలో పెట్టుకోవాలి, ఇంత భూమికి ఇంతమందికి పని ఇవ్వాలి అని సంఘమే తేల్చేది. మునిసిపాలిటీలు చాలావరకు సోషలిస్టుల చేతిలో. 1920 సెప్టెంబరులో ఉత్తరాది ఫ్యాక్టరీలని కార్మికులు ఆక్రమించుకుని కూర్చున్నారు. ఆస్తిపరులకి టెన్షన్ పట్టుకుంది. అప్పుడు ముస్సోలినీ నల్లచొక్కాల దళాలకి డబ్బు పారింది. రాత్రిళ్లు లారీల్లో పల్లెకి రావడం, సంఘం ఆఫీసు తగలబెట్టడం, సహకార సంఘం కొట్టు పగలగొట్టడం, నాయకుణ్ణి బయటికి లాగి కర్రలతో కొట్టి ఆముదం బలవంతంగా తాగించడం. ఆముదం అంటే నవ్వులాట అనుకోకండి, ఊరందరి ముందూ మనిషి పరువు తీసే పద్ధతి అది, కొందరికి ప్రాణాల మీదకే వచ్చింది. పోలీసులు చాలా చోట్ల చూస్తూ ఊరుకున్నారు, కొన్నిచోట్ల సైన్యమే లారీలూ ఆయుధాలూ ఇచ్చింది.

ఇంత జరుగుతుంటే పాత లిబరల్ నాయకుడు, ప్రధానిగా ఎన్నోసార్లు చేసిన జొలిట్టి, 1921 మే ఎన్నికల్లో వీళ్లని తన కూటమిలో చేర్చుకున్నాడు. లోపలికి తెస్తే దారిలోకి వస్తారని లెక్క. ఆ లెక్కతోనే 35 సీట్లు వచ్చాయి. 1922 అక్టోబరు 28న ‘రోమ్ మీదకి యాత్ర’. వానలో తడుస్తూ వచ్చిన ఆ గుంపుల దగ్గర సరైన ఆయుధాలు కూడా లేవు, సైన్యం తలుచుకుంటే చెదరగొట్టేది. ప్రధాని ఫక్తా సైనిక శాసనం ఉత్తర్వు సిద్ధం చేసి పట్టుకెళితే రాజు విక్టర్ ఇమాన్యుయేల్ సంతకం పెట్టలేదు. ముస్సోలినీ మిలాన్ నుంచి రాత్రి రైలెక్కి వచ్చి, 30న ప్రధాని అయ్యాడు. దండెత్తడం అంటే ఇదీ. తరవాత సభలో విశ్వాస తీర్మానానికి 306 ఓట్లు పడ్డాయి. సొంత సభ్యులు 35 మందే! మిగతావి ఎవరివో మీరే ఆలోచించండి.

ఒక మనిషి గురించి చెప్పకుండా ఇటలీ వదలలేను. జాకొమో మత్తెయొత్తి, ఆ పో మైదానం మనిషే, ఆస్తిపరుల బిడ్డ, కూలీల పక్షాన నిలబడ్డాడు. 1924 ఏప్రిల్ ఎన్నికల్లో జరిగిన దౌర్జన్యాల్ని మే 30న పార్లమెంటులో ఒక్కొక్కటిగా చదివాడు. మాట మాటకీ అరుపులు, బల్లలు గుద్దడం, అయినా ఆపలేదు. కూర్చున్నాక పక్కనున్నవాళ్లతో ‘ఇక నా సంతాప ప్రసంగం రాసుకోండి’ అన్నాడని చెబుతారు. జూన్ 10న రోమ్‌లో టైబర్ నది ఒడ్డున కారులోకి లాక్కుపోయి చంపేశారు, శవం ఆగస్టులో దొరికింది. దేశం అట్టుడికిపోయింది. ఆ రోజు కూడా రాజు ముస్సోలినీని తీసేయలేదు. 1925 జనవరి 3న అదే పార్లమెంటులో ముస్సోలినీ నిలబడి జరిగినదానికంతటికీ బాధ్యత తనదేనని ప్రకటించాడు. ఆ తరవాత నియంతృత్వానికి ముసుగు కూడా లేదు.

జర్మనీ అంకెలు మాత్రం నోటికి రావాలి. 1928లో నాజీలకి 2.6 శాతం. మాంద్యం వచ్చాక 1930లో 18.3, 1932 జులైలో 37.3. అదే గరిష్ఠం, స్వేచ్ఛగా జరిగిన ఎన్నికల్లో దాన్ని ఎప్పుడూ దాటలేదు. నవంబరులో 33.1కి దిగారు, ఇరవై లక్షల ఓట్లు పోయాయి, పార్టీ అప్పుల్లో ఉంది. అలా జారుతున్న సమయంలో 1933 జనవరి 30న ముసలి అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ చేత హిట్లర్‌ని ఛాన్సలర్, అంటే ప్రధాని, చేయించింది మాజీ ఛాన్సలర్ ఫాన్ పాపెన్ లాంటి సంప్రదాయవాదులు. క్యాబినెట్‌లో నాజీలు హిట్లర్‌తో కలిపి ముగ్గురే, మిగతావాళ్లు మనవాళ్లే, రెండు నెలల్లో వీణ్ణి మూలకి నెట్టేస్తాం అని పాపెన్ ధీమా. ఏడాదిన్నర తిరక్కుండా, 1934 జూన్ 30న మొదలైన హత్యాకాండలో పాపెన్ దగ్గర పనిచేసేవాళ్లనే కాల్చి చంపారు.

1933 మార్చి 5 ఎన్నిక గురించి ఎవరైనా చెబితే గుర్తుంచుకోండి, అప్పటికే పార్లమెంటు భవనం తగలబడింది, పౌరహక్కులు రద్దయ్యాయి, కమ్యూనిస్టులు జైళ్లలో ఉన్నారు. అయినా 43.9 శాతమే. మార్చి 23న చట్టాలు చేసే అధికారమంతా హిట్లర్‌కి రాసిచ్చే బిల్లు వస్తే 444 మంది అవునన్నారు, 94 మంది కాదన్నారు. ఆ 94 మందీ సోషల్ డెమోక్రాట్లే. హాలు నిండా తుపాకులు పట్టుకున్న నాజీ దళాలు నిలబడి ఉండగా వాళ్ల నాయకుడు ఒట్టో వెల్స్ లేచి ‘మా స్వేచ్ఛనీ ప్రాణాన్నీ తీసుకోగలరు గానీ మా గౌరవాన్ని తీసుకోలేరు’ అన్నాడు. క్లాసులో ఈ మాట చెప్పిన ప్రతిసారీ నా గొంతు పట్టుకుపోయేది.

ఉద్దానం రైతు:

మాస్టారూ, పైవాళ్లు గడియ తీశారు, ఒప్పుకుంటాను. కానీ 37 శాతం మంది ఓటేశారు కదా, వాళ్లెవరో కూడా చెప్పాలి. నాకు తెలిసింది రాస్తాను, ఎందుకంటే అందులో చాలామంది నాలాంటి రైతులు.

జర్మనీ ఉత్తర భాగంలో ష్లెస్‌విగ్ హోల్‌స్టైన్ అని పశువులూ పందులూ పెంచే ప్రాంతం ఉంది. ప్రపంచానికి మాంద్యం 1929లో వస్తే వాళ్లకి అంతకు ముందే వచ్చింది. ధర పడిపోయింది, అప్పులకి వడ్డీ పెరిగింది, పన్ను కట్టలేదని జప్తులు మొదలయ్యాయి. 1928 జనవరిలోనే లక్షమందికి పైగా రోడ్డెక్కారు. బైడెన్‌ఫ్లెట్ అనే ఊళ్లో పన్ను బాకీ కింద రెండు ఎడ్లని తోలుకుపోతుంటే రైతులు దారిలో గడ్డి మంటలు వేశారు, ఎడ్లు బెదిరి వెనక్కి తిరిగి కొట్టానికే పరుగెత్తాయి. ఆ కేసులో రైతులని కోర్టుకి ఈడ్చారు. నల్లజెండా మీద నాగలీ కత్తీ వేసుకుని ఊరేగేవాళ్లు. ఏ పార్టీ మీదా నమ్మకం లేదు, నగరం మీద కోపం, బ్యాంకు మీద కోపం. తిత్లీ తుపానుకి తోటలు నేలకొరిగాక ఇంటికి బ్యాంకు నోటీసు వస్తే మనిషికి ఎలా ఉంటుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, అందుకే ఆ రైతుల్ని నేను తిట్టలేను.

ఆ కోపాన్ని నాజీలు పట్టుకున్నారు. 1930 నుంచి రైతుల కోసం పార్టీలో ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టి, డారే అనేవాణ్ణి దాని మీద కూర్చోబెట్టి, ఊరూరికీ మనుషుల్ని పంపారు. మీ అప్పుకి కారణం యూదు వడ్డీవ్యాపారి, మార్క్సిస్టు, వెర్సయిల్స్ అని చెప్పారు. వేరే పార్టీవాడెవడూ ఆ ఊళ్లకి వెళ్లడం లేదు. 1928లో అక్కడ నాలుగు శాతం ఉన్నవాళ్లు 1932 జులైకి 51 శాతం. అధికారం వచ్చాక ఏం చేశారు? 1933 సెప్టెంబరులో వారసత్వ భూమి చట్టం తెచ్చారు, దాని కిందకి వచ్చిన పొలం అమ్మడానికి లేదు, తాకట్టు పెట్టడానికి లేదు, వారసుడు ఒక్కడే. ఆ పొలం సొంతదారు కావాలంటే యూదు రక్తం లేదని రుజువు చూపించాలి. పొలం పోకుండా కాపాడారని మొదట్లో సంతోషించినవాళ్లే తరవాత అప్పు పుట్టక, ధర సర్కారు చెప్పిందే అయ్యి, తమ పొలంలో తామే కదల్లేకపోయారు. కష్టం నిజం, చూపించిన శత్రువు అబద్ధం.

ఎర్రనేల, శ్రీకాకుళం:

పైన ఇద్దరూ బాగా రాశారు. మాస్టారు డబ్బు సంగతి ఇటలీ దగ్గరే ఆపేశారు. జర్మనీలో 1933 ఫిబ్రవరి 20న నాజీ నాయకుడు గోరింగ్ ఇంట్లో క్రుప్ లాంటి పెద్ద పారిశ్రామికవేత్తల్ని కూర్చోబెట్టి హిట్లర్ మాట్లాడాడు, ఇవే ఆఖరి ఎన్నికలని గోరింగ్ సూచించాడు, ఎన్నికల నిధికి ముప్ఫై లక్షల మార్కులు కావాలని అడిగారు, ఇచ్చారు. మే 2న కార్మిక సంఘాల ఆఫీసులన్నీ ఒక్క రోజులో ఆక్రమించారు. ఇచ్చినవాళ్లకి ఏం దక్కిందో అక్కడ తెలుస్తుంది.

మా పక్షం గురించీ చెప్పాలి, చెప్పకపోతే చరిత్రకి అన్యాయం. 1928 నుంచి కమ్యూనిస్టు ఇంటర్నేషనల్, అంటే మాస్కో నడిపిన ప్రపంచ కమ్యూనిస్టు పార్టీల సంస్థ, లైను ఏమిటంటే, సోషల్ డెమోక్రాట్లు కూడా ఒకరకం ఫాసిస్టులే, వాళ్లే అసలు శత్రువు అని. 1932 నవంబరులో రెండు పార్టీలకీ కలిపితే నాజీల కంటే ఎక్కువ ఓట్లున్నాయి, 37 శాతం పైన. అయినా చేతులు కలపలేదు. అదే నెలలో బెర్లిన్ రవాణా సమ్మెలో కమ్యూనిస్టులు నాజీలతో ఒకే పికెట్‌లో నిలబడ్డారు. తప్పు ఒకవైపే కాదు, 1919లో కమ్యూనిస్టు నాయకురాలు రోజా లక్సెంబర్గ్ హత్యకి గురైనప్పుడు ప్రభుత్వం సోషల్ డెమోక్రాట్లదే, ఆ గాయం మానలేదు.

1944 ఆగస్టులో నాజీల బుకెన్‌వాల్డ్ నిర్బంధ క్యాంపులో కమ్యూనిస్టు నాయకుడు టేల్‌మాన్‌ని కాల్చి చంపారు. సోషల్ డెమోక్రాట్ నాయకుడు బ్రైట్‌షైడ్ అదే క్యాంపులో అదే నెలలో విమానాల బాంబులకి చనిపోయాడు. ఇద్దరూ బాంబుదాడిలోనే పోయారని నాజీలు ఒకే ప్రకటన ఇచ్చారు. 1932లో ఒక వేదిక ఎక్కలేనివాళ్లు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, ఇప్పటికీ రాస్తుంటే చెయ్యి బరువెక్కుతోంది. ఫాసిస్టు వ్యతిరేక ఐక్యసంఘటన అన్న లైను 1935లో వచ్చింది, జర్మనీకి అప్పటికే ఆలస్యమైపోయింది.

టెక్కలి నుంచి యేనా:

నమస్తే. మాది టెక్కలి, ప్రస్తుతం జర్మనీలో తురింగియా రాష్ట్రంలో యేనాలో ఉంటున్నాను. బుకెన్‌వాల్డ్ ఇక్కడికి దగ్గరే, వైమార్ ఊరి పక్కన కొండ మీద. గంటస్తంభం గారి రెండో డౌట్‌కి రాస్తాను.

రెండూ ఒకటి కాదు, అలాగని సంబంధం లేనివీ కాదు. ఒక్కో దేశం విడిగా చూడాలి. ఇటలీలో యుద్ధం అయ్యాక 1946లోనే ముస్సోలినీ మనుషులు ఎంఎస్ఐ అనే పార్టీ పెట్టారు, ఫాసిస్టు పార్టీని మళ్లీ పెట్టకూడదని 1948లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో రాసినా అది కొనసాగింది. అది 1995లో పేరూ విధానమూ మార్చుకుంది. 2012లో పుట్టిన మెలోనీ పార్టీ ఆ కొమ్మలోంచే వచ్చింది, ఆ పాత మంట గుర్తు ఇప్పటికీ జెండాలో ఉంది. 2022 అక్టోబరులో ఆమె ప్రధాని అయ్యింది. ఎన్నికలు రద్దు చేయమనలేదు, ప్రైవేటు దళాలు లేవు, కాబట్టి 1922తో సమానం అనడం సరికాదు. ఫ్రాన్సులో లె పెన్ పార్టీ 1972లో మొదలైనప్పుడు వ్యవస్థాపకుల్లో హిట్లర్ ఎస్ఎస్ దళంలో పనిచేసినవాడున్నాడు. అధ్యక్ష ఎన్నికల రెండో రౌండులో 2002లో తండ్రి జాన్ మరీ లె పెన్‌కి 18 శాతం లోపు, 2022లో కూతురు మరీన్‌కి 41 దాటింది. జర్మనీ ఏఎఫ్‌డీ మాత్రం 2013లో యూరో వద్దన్న ప్రొఫెసర్ల పార్టీగా పుట్టి, ఏడాదికేడాది ఇంకా ఇంకా కుడివైపు జరిగింది. గ్రీసులో గోల్డెన్ డాన్ అయితే ఏ ముసుగూ లేని నాజీ ముఠా, ఒక సంగీతకారుణ్ణి 2013లో పొడిచి చంపారు, 2020లో కోర్టు దాన్ని నేరముఠా అని తీర్పిచ్చింది.

ఓట్ల రాజకీయం పక్కనే ఇంకో ప్రవాహం ఉంది, హత్యలది. 1980 ఆగస్టు 2న బొలోనా రైల్వే స్టేషన్‌లో బాంబు, 85 మంది. 2011 జులై 22న నార్వేలో ఒక్కడే 77 మందిని చంపాడు, ఎక్కువమంది సమ్మర్ క్యాంపుకి వచ్చిన పిల్లలు. ఇక నేనుండే యేనా. ఎన్ఎస్‌యూ అనే నాజీ ముఠాలో ముగ్గురూ ఈ ఊళ్లో పెరిగినవాళ్లే. 2000 నుంచి 2007 దాకా పది మందిని చంపారు, తొమ్మిది మంది వలస కుటుంబాల వాళ్లు, ఒక పోలీసు. పూల వ్యాపారి, దర్జీ, కొట్టు నడుపుకునేవాళ్లు. ఇన్నేళ్లూ పోలీసులు అనుమానించింది చనిపోయినవాళ్ల ఇంటివాళ్లనే, మాఫియా గొడవలేమో, డ్రగ్సేమో అని. భర్త పోయిన ఆడమనిషిని కూర్చోబెట్టి నీ భర్త ఏ దందా చేసేవాడని అడిగారు. 2011లో ముఠా బయటపడితే గానీ ఆ కుటుంబాలకి మచ్చ పోలేదు. ఆ పూల వ్యాపారి పేరు ఇప్పుడు ఇక్కడ ఒక కూడలికి పెట్టారు.

రోడ్డు మీద నడుస్తుంటే ఇళ్ల ముందు ఫుట్‌పాత్‌లో హిట్లర్ కాలంలో బలైనవాళ్ల గుర్తుగా చిన్న ఇత్తడి పలకలు కనిపిస్తాయి, పది సెంటీమీటర్ల చదరం. ఇక్కడ ఫలానావారు ఉండేవారు, పుట్టిన సంవత్సరం, తీసుకుపోయిన సంవత్సరం, చంపిన చోటు. వంగితే గానీ చదవలేం. ఒక్కో ఇంటి ముందు నాలుగైదు, అమ్మా నాన్నా పిల్లలూ.

మాస్టారు చెప్పిన గడియ సంగతికి మా రాష్ట్రమే సాక్ష్యం. జర్మనీ మొత్తమ్మీద మొదటి నాజీ మంత్రి, ఫ్రిక్, 1930 జనవరిలో ఇక్కడి ప్రభుత్వంలోనే చేరాడు, మితవాద పార్టీలు కూటమి కట్టి ఇచ్చిన పదవి అది. 2020 ఫిబ్రవరిలో ఇదే తురింగియాలో ఒక చిన్న లిబరల్ పార్టీ నాయకుడు ఏఎఫ్‌డీ ఓట్లతో ముఖ్యమంత్రిగా ఎన్నికైతే దేశమంతా భగ్గుమంది, మర్నాడే దిగిపోతానని ప్రకటించాల్సి వచ్చింది. 2024లో ఏఎఫ్‌డీ ఇక్కడ 32.8 శాతంతో మొదటి స్థానంలోకి వచ్చింది, అయినా మిగతావాళ్లెవరూ పొత్తుకి ఒప్పుకోక ప్రభుత్వం చేయలేకపోయింది. మా రంగు చూస్తేనే బయటివాళ్లమని తెలిసిపోతుంది కదా ఇక్కడ, రాత్రి ట్రామ్‌లో వెళ్లేటప్పుడు ఈ అంకె గుర్తొస్తుంది.

గంటస్తంభం, విజయనగరం:

చాలా థాంక్స్ అండీ అందరికీ, మా రూమ్‌లో గట్టిగా చదివి వినిపించాను. మాస్టారూ, ఒక్క ప్రశ్న మిగిలింది. గడియ తీయకుండా గట్టిగా నిలబడిన మితవాదులు ఎక్కడైనా ఉన్నారా? అలాగే స్పెయిన్ నియంత ఫ్రాంకోని ఏ లెక్కలో వెయ్యాలి?

బొబ్బిలి మాస్టారు:

ఉన్నారు, పుస్తకాల్లో వాళ్లకి చోటు తక్కువ. ఫిన్లాండ్ చూడండి. 1929లో మొదలైన లపువా ఉద్యమం, కమ్యూనిస్టుల మీద దౌర్జన్యాలు, మనుషుల్ని ఎత్తుకుపోయి సోవియట్ సరిహద్దు దగ్గర వదలడం, చివరికి మాజీ అధ్యక్షుడు స్టోల్‌బెర్గ్‌నే ఎత్తుకుపోయారు. 1932లో మాంత్‌సాలా ఊళ్లో ఆయుధాలతో గుమికూడి ప్రభుత్వం దిగిపోవాలన్నారు. అధ్యక్షుడు స్విన్‌హుఫ్‌వుడ్ పచ్చి మితవాది, అధ్యక్షుడైందీ వాళ్ల అండతోనే. ఆయన రేడియోలో మాట్లాడి, ఇళ్లకి వెళ్లిపోండి, వెళ్లినవాళ్ల మీద చర్య ఉండదు, నాయకులకి మాత్రం శిక్ష తప్పదు అన్నాడు. చెదిరిపోయారు. కమ్యూనిస్టుల కోసం వాళ్లే పట్టుబట్టి తెప్పించిన చట్టం కిందే ఆ ఉద్యమాన్ని నిషేధించారు.

బెల్జియంలో 1936లో దెగ్రెల్ అనే కుర్రాడి రెక్స్ పార్టీకి 21 సీట్లొచ్చాయి. మర్నాడు ప్రధాని అయిపోతాడన్నంత ఊపు. 1937 ఏప్రిల్‌లో బ్రసెల్స్ ఉప ఎన్నికలో నిలబడితే కాథలిక్కులు, లిబరల్స్, సోషలిస్టులు, కమ్యూనిస్టులు అందరూ కలిసి ప్రధాని వాన్ జేలాండ్ ఒక్కణ్ణే పోటీకి నిలిపారు. దెగ్రెల్‌కి, రెక్స్‌కి ఓటెయ్యకండి, చెల్లని ఓటూ వెయ్యకండి అని కాథలిక్ మతపెద్ద కార్డినల్ స్వయంగా చెప్పాడు. వాన్ జేలాండ్‌కి దాదాపు 76 శాతం. రెక్స్ మళ్లీ కోలుకోలేదు, తరవాత జర్మన్ సైన్యం వచ్చినప్పుడే దెగ్రెల్‌కి పని దొరికింది. మాంద్యం ఈ రెండు దేశాల్లోనూ ఉంది బాబూ, అందుకే మీ నోట్స్‌లోని కారణాల జాబితా చాలదంటాను.

ఫ్రాంకో సైనికాధికారి, 1936 తిరుగుబాటు జనరల్స్‌ది. ఫలాంజ్ అనే ఫాసిస్టు పార్టీని 1937లో రాచరికవాదులతో కలిపి తన గుప్పిట్లో పెట్టుకున్నాడు, ఆయుధాలూ విమానాలూ హిట్లర్, ముస్సోలినీలే ఇచ్చారు. కానీ ఆయన అసలు బలం సైన్యం, చర్చి, భూస్వాములు. కాబట్టి పరీక్షలో ‘ఫాసిస్టుల్ని వాడుకున్న సైనిక నియంత’ అని రాస్తే ఏ పరీక్షకుడూ కొట్టెయ్యడు. 1939లో గెలిచి 1975లో పదవిలో ఉండగానే పోయాడు.